స్కీయింగ్ సినిమాలు: మంచు తెలియని మనం ఏది ముందు చూడాలి?

నల్లగొండలో మా ఇంటికి వచ్చిన బావమరిది ఒక రాత్రి భోజనం అయ్యాక అడిగాడు. "బావా, నువ్వు ఎప్పుడూ చూస్తుంటవు కదా, గా మంచు మీద జారే సినిమాలు. మంచిది ఒకటి పెట్టు." నా దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే గొప్పదనుకున్నది పెట్టాను. అలాస్కా కొండలు, శిఖరం మీద దించే హెలికాప్టర్, కిలోమీటర్ల కొద్దీ తెల్లదనం. పది నిమిషాలు చూశాడు. "ఏముంది బావా, సున్నం కొట్టిన గోడ మీద చీమ పోయినట్టుంది" అని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు కోపమొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే వాడన్న దాంట్లో తప్పేమీ కనిపించలేదు. ఆ కొండ మీద చెట్టు లేదు, ఇల్లు లేదు, కరెంటు స్తంభం లేదు. వాలు యాభై మీటర్లదో, వెయ్యి మీటర్లదో ఎలా తెలుస్తుంది? మంచులో పుట్టి పెరిగినవాడికి తెలుస్తుంది. స్కీ (కాలికి కట్టుకుని జారే పొడవాటి పలక) అంచు కింద మంచు లేచే తీరు, రాలిన పొడి కిందికి చేరడానికి పట్టే సేపు చూసి వాడు లెక్క కడతాడు. మన దగ్గర ఆ కొలబద్ద లేదు. అందుకే అక్కడివాళ్ళు వేసే 'తప్పక చూడాల్సిన పది' జాబితాలు మనకు ఉన్నదున్నట్టు పనికిరావు. వాళ్ళు చివర్న పెట్టేది మనం ముందు చూడాలి, ముందు పెట్టేది చాలా తర్వాత.

అసలు ఇవేం సినిమాలు

చాలావాటిలో కథ ఉండదు. పాటలూ ఫైట్లూ ఉంచి మిగతాదంతా కోసేసిన సినిమా అనుకోండి. ఒక్కో స్కీయర్‌కు మూడు నాలుగు నిమిషాల భాగం, దానికో పాట, తర్వాత ఇంకొకరు. అమెరికాలో వారెన్ మిల్లర్ అనే ఆయన 1950 నుంచి ఏటా ఒకటి తీసి, ఊరూరా హాళ్ళలో వేస్తూ పక్కన నిలబడి తనే వ్యాఖ్యానం చెప్పేవాడు. మంచు పడకముందే, శరదృతువులో విడుదల. మనకు దసరా సినిమాలు ఎలాగో వాళ్ళకు ఇవి అలాగ. సినిమా చూసి ఊగిపోయి, చలికాలం రాగానే కొండకు పరిగెత్తడం.

1988లో గ్రెగ్ స్టంప్ తీసిన 'ద బ్లిజర్డ్ ఆఫ్ ఆహ్స్'తో గాలి మారింది. అందులో గ్లెన్ ప్లేక్ అనే అమెరికా స్కీయర్ నెత్తి మీద రంగు జుట్టును కోడిజుట్టులా నిలబెట్టి, ఫ్రాన్స్‌లోని షమోనీ కొండల్లో ఎవరి మాటా విననట్టు జారాడు. అప్పటిదాకా స్కీయింగ్ అంటే డబ్బున్నవాళ్ళ సెలవు సరదా. ఆ తర్వాత కుర్రాళ్ళ తిరుగుబాటు. 1992లో మాచ్‌స్టిక్ ప్రొడక్షన్స్, 1995లో టీటన్ గ్రావిటీ రీసెర్చ్ అనే స్కీ సినిమా కంపెనీలు పుట్టాయి. 1990ల చివర్లో రెండు కొసలూ పైకి వంచిన స్కీలు బాగా వాడుకలోకి వచ్చాయి. సాలమన్ కంపెనీ 1998లో తెచ్చిన 'టెన్ ఎయిటీ' వాటిల్లో పేరున్నది. వెనక కొస కూడా పైకి లేచి ఉంటే వెనక్కి తిరిగి దిగినా మంచులో గుచ్చుకోదు. ఇప్పుడు మనం చూసే గిరికీలకు ఆ చిన్న వంపు చాలా దారి ఇచ్చింది.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

నా లెక్కలో మొదటిది కొలత. తెర మీద జరుగుతున్నది ఎంత పెద్దదో, ఎంత ఎత్తో మనకు తెలియాలి. అది తెలియకపోతే భయం పుట్టదు. భయం పుట్టకపోతే ఈ సినిమాల్లో ఏమీ లేదు.

తర్వాత మనిషి. జారుతున్నవాడు ఎవరో తెలియాలా, ఒళ్ళు చేసే విన్యాసం చాలా? ఇది మీ మనసును బట్టి ఉంటుంది. ఇక చప్పుడు. పాట మోగుతుంటే బాగుంటుందా, స్కీ అంచు మంచును కోస్తున్న గరగర కావాలా? చివరగా భాష, నిడివి. ఇంట్లో అమ్మానాయినలతో చూస్తే గంటసేపు ఇంగ్లిష్ మాటలు నడవవు.

వీధి స్కీయింగ్: ముందు ఇదే

కొండ ఎత్తు మనకు తెలియదు గానీ, మెట్ల పక్కనుండే ఇనుప రెయిలింగ్ తెలుసు. దాని ఎత్తు ఎంతో, పట్టు తప్పితే ఎక్కడ తగులుతుందో కూడా తెలుసు. వీధి స్కీయింగ్ అంటే ఆ రెయిలింగ్ మీదా, బడి మెట్ల మీదా, ఇంటి కప్పు నుంచి ప్రహరీ మీదికీ జారడం. పడిపోతే కింద మెత్తటి మంచు ఉండదు, సిమెంటు ఉంటుంది.

ఒక్కటే చూడాలంటే 2011లో 'షెర్పాస్ సినిమా' అనే కంపెనీ వాళ్ళు తీసిన 'ఆల్ ఐ కెన్'లో కెనడా స్కీయర్ జేపీ ఓక్లెయిర్ భాగం చూడండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ట్రెయిల్, నెల్సన్ లాంటి చిన్న ఊళ్ళు. ఈయన ఆ ఊరి ఇళ్ళ మధ్య నుంచి, కప్పుల మీంచి, గోడల మీంచి, మెట్ల మీంచి ఆగకుండా జారుకుంటూ పోతాడు. ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. గొప్ప ఎత్తులు లేవు, హెలికాప్టర్ లేదు. సందులో సైకిల్ మీద చేతులు వదిలేసి పోయే కుర్రాడి ధీమా ఉంటుంది ఆ నడకలో. మా బావమరిదికి రెండోసారి ఇదే పెట్టాను. అయిపోగానే "మళ్ళీ పెట్టు" అన్నాడు. ఒకచోట గోడ దగ్గర ఆపి, "ఇది మన ప్రహరీ అంత ఉంటది కదా" అని లేచి వెళ్ళి బయట గోడ చూసొచ్చాడు. కొలత అంటున్నది దీన్నే.

ఇందులో ఒక చిక్కుంది. వీధిలో ఒక్క రెయిలింగ్ కోసం వాళ్ళు పారలతో మంచు ఎత్తి పోసి దారి కడతారు, వేగం చాలకపోతే మోటారు తాడుతో లాగించుకుంటారు, పడతారు, లేస్తారు, మళ్ళీ మొదలు. మనకు చూపించేది సరిగ్గా వచ్చిన ఆ ఒక్కసారే. "అన్నిసార్లు తీసి ఒకటి చూపిస్తే అది మోసం కాదా అన్నా?" అని మా వీధి పిల్లవాడొకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అలా అనిపించేవాళ్ళు వీధి సినిమాల కన్నా ఒలింపిక్ పోటీలు చూడటం మేలు. ఫ్రీస్టయిల్ (విన్యాసాల స్కీయింగ్) పతకాలు 1992లో మొగల్స్‌తో, అంటే మంచు గుబ్బల మీద దిగే పోటీతో మొదలయ్యాయి. హాఫ్‌పైప్ (సగం గొట్టం లాంటి మంచు కాలువ), స్లోప్‌స్టయిల్ (రెయిలింగులూ గెంతులూ ఉన్న వాలు) 2014లో, బిగ్ ఎయిర్ (ఒకే పెద్ద గెంతు) 2022లో చేరాయి. అక్కడ రెండు మూడు అవకాశాలే, అందరూ చూస్తుండగానే. కాకపోతే అన్నీ ఒకే మైదానంలో, ఒకే కోణంలో కనబడతాయి. నాకైతే నాలుగో మనిషికే ఆవలింత వస్తుంది.

గిరికీల లెక్క ఒక్కసారి తెలుసుకుంటే ఏ రకం సినిమా అయినా రెట్టింపు బాగుంటుంది. 360 అంటే ఒక చుట్టు, 720 రెండు, 1080 మూడు, 1440 నాలుగు. బొంగరం నిలువుగా తిరిగినట్టు తిరిగితే మామూలు చుట్టు. తాడు వదిలిన కాసేపటికి అదే బొంగరం ఒక పక్కకు వాలి తిరుగుతుంది చూడండి, అలా తిరిగితే 'కార్క్'. వెనక్కి తిరిగి గాల్లోకి లేస్తే 'స్విచ్'. గాల్లో ఉండగా చేత్తో స్కీని పట్టుకోవడం 'గ్రాబ్'. ఈ గ్రాబ్ మీద కన్నేసి ఉంచండి. తొందరగా తట్టి వదిలేసేవాడికీ, తీరిగ్గా పట్టుకుని కూర్చున్నట్టు ఉండేవాడికీ తేడా నాలుగు రోజుల్లో మీ కంటికే తెలుస్తుంది.

తలకు కెమెరా: తర్వాత ఇది

ఫ్రాన్స్ స్కీయర్ కాండీడ్ తోవెక్స్ 2013లో 'వన్ ఆఫ్ దోజ్ డేస్' పేరుతో ఒక చిన్న వీడియో వదిలాడు. హెల్మెట్ మీద కెమెరా, తన సొంతూరు లా క్లూసాజ్ కొండలు. 2015లో రెండోది. నాలుగైదు నిమిషాల ముక్కలివి. ఆయన కళ్ళతో మనం చూస్తాం. చేతిలోని కర్రలు, కింద స్కీ మొనలు, ఎదురుగా మీదికొచ్చే చెట్లు. కొలత సమస్య ఇక్కడ తనంతట తనే తీరిపోతుంది, ఎందుకంటే జారుతున్నది మనమే అనిపిస్తుంది.

మా అమ్మకు ఇదే చూపించాను. చెట్ల మధ్య నుంచి దూసుకుపోతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అయ్యాక ఒకటే మాట: "గా పోరనికి అమ్మానాయిన లేరా?"

అదే తోవెక్స్ ఒక కారు కంపెనీ ప్రకటన కోసం 2015లో అసలు మంచే లేకుండా గడ్డి మీద, అడవిలో, రాళ్ళ మీద జారాడు. 2017లో అదే కంపెనీకి ఇసుక దిబ్బల మీద, చైనా మహా గోడ మీద కూడా. ప్రకటనే, కాదనను. కానీ పాలమూరు వైపు ఎండాకాలం గుట్టలు చూసి పెరిగినవాడికి, ఎండుగడ్డి మీద జారే మనిషి మంచు మీద జారేవాడి కన్నా ముందు అర్థమవుతాడు.

దీని లోపం ఏమిటంటే, జారేవాడి ఒళ్ళు కనబడదు. గాల్లో మూడు చుట్లు తిరిగినా మనకు ఆకాశం, నేల, ఆకాశం, నేల తప్ప ఇంకేమీ తెలియదు. కొందరికి తల తిరుగుతుంది. బస్సులో వాంతులయ్యేవాళ్ళు పెద్ద టీవీలో చూడకండి.

నిటారు కొండలు: గొప్పవి, కానీ తొందరపడొద్దు

మా బావమరిది చీమ అన్నది ఈ రకాన్నే. ఇక్కడ గిరికీలు తక్కువ, వాలూ వేగమూ ఎక్కువ. స్విట్జర్లాండ్ స్కీయర్ జెరెమీ హైట్జ్ 2016లో 'లా లిస్ట్' అనే సినిమా చేశాడు. ఆల్ప్స్‌లో 4,000 మీటర్లు దాటిన శిఖరాల నిటారు ముఖాలను ఏరి ఒక జాబితా వేసుకున్నాడు. అంతకు ముందు అలాంటి చోట్ల ఒక్కో మలుపూ ఆచితూచి గెంతుతూ దిగేవాళ్ళు. ఈయన పెద్ద పెద్ద మలుపులతో, వేగంగా దిగాడు. 2021లో రెండో భాగం, ఈసారి 6,000 మీటర్ల కొండలు.

మొదటిసారి చూసినప్పుడు నాకూ ఏమీ అనిపించలేదు. కళ్ళు తెరిపించింది భువనగిరి గుట్ట.

భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారని మన జిల్లావాళ్ళకు తెలిసిందే. 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ తీసుకున్నది అక్కడే. నేనూ ఒక శని, ఆదివారాలు వెళ్ళాను. కోట ఉన్న ఆ ఒంటి రాయి కింద నుంచి చూస్తే నున్నగా, వాలుగా, ఏముందిలే అన్నట్టుంటుంది. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు ఒకచోట ఆగి వెనక్కి తిరిగి కిందికి చూశాను. కుడి కాలు దర్జీ మిషన్ సూదిలా దానంతటదే ఆడటం మొదలుపెట్టింది. అరచేతి కింద రాయి కాలుతోంది, చెయ్యి తీద్దామంటే ధైర్యం లేదు. తాడు కట్టి ఉంది, పడను, అయినా ఒళ్ళు వినదు. తర్వాత ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టి చూస్తే 42 డిగ్రీలు.

మన ఇంటి మెట్ల వాలు సుమారు 30 నుంచి 35 డిగ్రీలు ఉంటుంది. హైట్జ్ దిగేది 50 డిగ్రీల వాలు. అంత వాలులో నిటారుగా నిలబడి పక్కకు, కాస్త కిందికి చెయ్యి చాపితే చేతికి కొండ దాదాపు తగులుతుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి అదే సినిమా మళ్ళీ పెట్టాను. అదే తెల్ల గోడ, అదే చీమ. ఈసారి నా కాలు కూడా కదిలింది.

ఇందులో ఇంకో నిజాయితీ ఉంది. కొత్త మంచు మీద ఒకసారి జారితే గీత పడిపోతుంది. మళ్ళీ తీద్దామంటే ఇంకో మంచు పడాలి, ఎండ రావాలి. కాబట్టి వీధిలోలాగా వంద టేకులు ఉండవు. రోజుల తరబడి వాతావరణం కోసం కూర్చుని, దొరికిన పూట దిగుతారు. మనిషి వెంటే కిందికి జారే పొడి మంచు కాళ్ళు లాగేస్తుంది, మంచు చరియలు విరిగిపడే భయం సరేసరి. వీపున గాలి సంచి, మంచు కింద మనిషిని వెతికే సిగ్నల్ పెట్టె, పార, పొడవాటి కడ్డీ లేకుండా వెళ్ళరు. ఇవన్నీ ఉన్నా పోయినవాళ్ళు ఉన్నారు. పైన చెప్పిన ఓక్లెయిరే 2014లో దక్షిణ అమెరికాలో మంచు చరియలు విరిగిపడి పోయాడు. అది తెలిశాక ఆ వీధి భాగం చూస్తే వేరే రకంగా ఉంటుంది.

ఏటేటా వచ్చే పెద్ద సినిమాలు

మాచ్‌స్టిక్, టీటన్ గ్రావిటీ లాంటివాళ్ళవి. అన్నీ కలిపిన పెళ్ళి భోజనం. కొండ, వీధి, గిరికీలు, నవ్వులు, మధ్యలో స్పాన్సర్ల బొమ్మలు. గంట పైన నడుస్తాయి. ఒకటి చూస్తే మీకేది నచ్చుతుందో తెలుస్తుంది, అంతవరకు మంచిదే. నాలుగు చూశాక ఏది ఏ ఏటిదో గుర్తుండదు.

మనిషి కథ: మెకాంకీ

స్కీయింగ్ మీద మక్కువ లేకపోయినా చూడగలిగేది ఇదొక్కటే. షేన్ మెకాంకీ జీవితం మీద 2013లో వచ్చిన డాక్యుమెంటరీ, పేరు కూడా 'మెకాంకీ'యే. ఈయన మంచి హాస్యగాడు. నీళ్ళ మీద జారే స్కీలు వేసుకుని అలాస్కా కొండ దిగాడు. ఆ పిచ్చి పనిలోంచే లోతు మంచుకు మధ్య భాగం కిందికి వంగిన వెడల్పు స్కీ కావాలన్న ఆలోచన గట్టిపడింది. ఇవాళ దుకాణాల్లో దొరికే చాలా స్కీల ఆకారంలో ఆయన చెయ్యి ఉంది. తర్వాత కొండ అంచు నుంచి స్కీలతో దూకి పారాషూట్ విప్పడం మొదలుపెట్టాడు. 2009 మార్చి 26న ఇటలీలోని డోలమైట్స్‌లో, గాల్లో ఊడాల్సిన స్కీ సమయానికి ఊడలేదు. పారాషూట్ తెరుచుకునేంత ఎత్తు మిగల్లేదు.

భార్య, తల్లి, స్నేహితులు అందరూ మాట్లాడతారు. ఇంగ్లిష్ వినగలగాలి. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు. మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఈ సినిమాలో ఉంది, అది తేలికైన జవాబు కాదు.

స్కీతో దూకి పారాషూట్ విప్పే పని లోకానికంతా తెలిసింది మెకాంకీ కన్నా చాలా ముందు. 1977 నాటి జేమ్స్ బాండ్ సినిమా 'ద స్పై హూ లవ్డ్ మీ' మొదట్లో కెనడాలోని అస్గార్డ్ కొండ నుంచి దూకింది రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్ మనిషి. గ్రాఫిక్స్ లేవు. ఇంట్లో నాయిన తరం వాళ్ళకు మొదట ఏదో ఒకటి చూపించాలంటే ఇది నమ్మకమైన దారి. బాండ్ వాళ్ళకు తెలిసినవాడే.

పక్కపక్కన పెడితే

| రకం | ఎత్తు, వాలు మనకు తెలుస్తాయా | ఇంగ్లిష్ కావాలా | నిడివి | నా మాట |
|---|---|---|---|---|
| వీధి స్కీయింగ్ | వెంటనే | అక్కర్లేదు | చిన్న ముక్కలూ ఉన్నాయి | మొదట ఇదే |
| తలకు కెమెరా | తెలుస్తాయి | అక్కర్లేదు | నాలుగైదు నిమిషాలు | ఇంటిల్లిపాదికీ |
| నిటారు కొండలు | గుట్ట ఎక్కి దిగినవాళ్ళకు | కొంచెం | సుమారు గంట | నెల ఆగి చూడండి |
| ఏటేటి పెద్ద సినిమా | కొన్నిచోట్ల | కొంచెం | గంట పైన | ఒకటి చాలు |
| మనిషి కథ | దాంతో పని లేదు | కావాలి | గంటన్నర పైన | ఒంటరిగా, తీరికగా |

మీరెవరైతే ఏది

పెళ్ళి వీడియోలు తీసే తమ్ముళ్ళకు నిటారు కొండల సినిమాలే ముందు. నల్లగొండలో ఇప్పుడు డ్రోన్, గింబల్ లేని కెమెరామన్ లేడు, కానీ డ్రోన్ ఎగరేసి ఊరికే పైకి పోనిస్తారు. ఈ కొండల సినిమాలు తీసేవాళ్ళు మొదట చాలా దూరం నుంచి మనిషిని చుక్కంత చూపించి, కొన్ని సెకన్లు అలాగే ఉంచి, అప్పుడు దగ్గరికొస్తారు. కొలత అలా పుడుతుంది. మబ్బు పట్టిన రోజు మంచులో ఎత్తుపల్లాలు కనబడవు కాబట్టి, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండ కోసం ఆగుతారు. బారాత్‌కు ఇది పనికిరాదు గానీ ప్రీ వెడ్డింగ్ షూట్‌కు పనికొస్తుంది.

పదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో వీధి స్కీయింగ్ ఒంటరిగా చూసుకోండి. మా అక్క కొడుకు అది చూసిన వారానికే ఒక ఫంక్షన్ హాల్ మెట్ల రెయిలింగ్ మీద జారి గడ్డం చీల్చుకున్నాడు. నాలుగు కుట్లు. అక్క నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. పిల్లలకు తోవెక్స్ వీడియోలు పెట్టండి. అనుకరించాలన్నా ఇంట్లో కుదరదు.

స్కీయింగ్ నేర్చుకుందామని కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళబోయేవాళ్ళు కొండల సినిమా చూసి వెళ్ళకండి. నేను ఆ పని చేసే వెళ్ళాను. అక్కడి గొండోలా అనే రోప్‌వే అఫర్వాట్ కొండ మీద 3,900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది నిజమే. కానీ కొత్తవాడికి నేర్పేది కింద దాదాపు చదునుగా ఉండే నేల మీద. అద్దెకిచ్చిన బూటు వేసుకుంటే ప్లాస్టిక్ బకెట్లో కాలు పెట్టి కట్టేసినట్టుంది. మొదటి పూటంతా పడటం, లేవడం. లేవడం నేర్చుకోవడానికే మధ్యాహ్నమైంది. ఆ బరువు ఏ సినిమాలోనూ కనబడదు. వెళ్ళొచ్చాక చూస్తే మాత్రం ప్రతి భాగమూ కొత్తగా ఉంటుంది.

రాత్రి డ్యూటీల మధ్య పది నిమిషాలు దొరికేవాళ్ళకు ఓక్లెయిర్ భాగం, తోవెక్స్ రెండు వీడియోలు చాలు. ఇవి యూట్యూబ్‌లో ఉన్నాయి. పూర్తి నిడివి సినిమాలు చాలావరకు డబ్బు కట్టి అద్దెకు తీసుకోవాలి. డేటా తక్కువైతే నాణ్యత తగ్గించి చూడకండి, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తక్కువ నాణ్యతలో తెల్ల మంచంతా ఒకే ముద్దగా మారి, ఉన్న కాస్త కొలతా పోతుంది. ఇయర్‌ఫోన్ తప్పనిసరి. గట్టి మంచు మీద స్కీ అంచు గీరుకుంటే పలక మీద బలపం గీసినట్టుంటుంది, మెత్తటి మంచులో అసలు చప్పుడే ఉండదు, ఊపిరి మాత్రం వినబడుతుంది. కూలర్ పక్కన కూర్చుంటే ఈ రెండూ పోతాయి. నేనైతే ఆ ఐదు నిమిషాలూ కూలర్ ఆపేస్తాను.